తాకట్టు రుణాలపై ఐక్యరాజ్యసమితి నమూనా చట్టం: వృత్తిలో వాడిన అనుభవంతో ఒక సమీక్ష

ప్రింటింగ్ ప్రెస్ నడిపే ఒక వ్యాపారిని ఊహించుకోండి. ప్రెస్ ఉన్న భవనం అద్దెది. ఆయన పెట్టిన డబ్బంతా మూడు చోట్ల ఉంది: తిరుగుతున్న యంత్రంలో, గోదాములో పేర్చిన కాగితం రీముల్లో, పని పూర్తిచేసి బిల్లు పంపినా ఇంకా చేతికందని బాకీల్లో. పెద్ద ఆర్డరు వచ్చి పెట్టుబడి కోసం అప్పుకు వెళితే రుణదాత మొట్టమొదట అడిగేది స్థలం కాగితాలు. అవి లేకపోతే అప్పు పుట్టదు, పుట్టినా ఎక్కువ వడ్డీకి పుడుతుంది. యంత్రం, కాగితం, బాకీలు మూడూ కలిపితే అడిగిన అప్పుకు రెట్టింపు విలువ చేసినా రుణదాత వెనకాడతాడు. అదే యంత్రం ఇప్పటికే మరొకరి దగ్గర తాకట్టులో ఉందేమో తెలుసుకునే దారి ఆయనకు లేదు. రేపు అప్పు తీరకపోతే దాన్ని స్వాధీనం చేసుకోవడానికి ఎన్నాళ్లు కోర్టు చుట్టూ తిరగాలో కూడా తెలియదు.

ఈ చిక్కు ఏ ఒక్క దేశానిదీ కాదు కాబట్టే దీని పరిష్కారం కోసం దేశాలు కలిసి కూర్చున్నాయి. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య చట్టాల కమిషన్, అంటే అన్‌సిట్రాల్, 2016 జూలై 1న ఆమోదించిన తాకట్టు రుణాల నమూనా చట్టం ఆ కృషిలో నా దృష్టికి అన్నిటికన్నా ఉపయోగపడిన ఫలం. రుణ పత్రాలు రాయడం, ఇతరులు రాసినవాటిని పరిశీలించడం నా వృత్తి. అందువల్ల ఈ చట్టపాఠాన్ని, దాని వెంట వెలువడిన మార్గదర్శకాలను, అదే బాటలో ఏర్పడిన రిజిస్ట్రీలను, అంటే తాకట్టులను నమోదు చేసి వెతికి చూసుకునే వ్యవస్థలను, రోజూ పనిముట్లుగా వాడుతూ వచ్చాను. పనిముట్టును ఎలా తూచాలో అలాగే దీన్ని తూచాలని నా ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను: రిజిస్ట్రీని గురించిన భాగం అద్భుతంగా కుదిరింది, వసూలును గురించిన భాగం కాగితం మీద చక్కగా ఉంది గానీ దాని బలం ఆయా దేశాల కోర్టుల చేతిలోనే ఉండిపోయింది.

ఈ పాఠం ఒక్కసారిగా పుట్టలేదు. అమెరికాలో ఏకరూప వాణిజ్య నియమావళి తొమ్మిదో అధికరణం, దాని ప్రభావంతో కెనడా రాష్ట్రాలు చేసుకున్న చరాస్తి హామీ చట్టాలు దీనికి మూలం. తూర్పు ఐరోపా దేశాలు మార్కెట్ వ్యవస్థలోకి అడుగుపెట్టిన కాలంలో, 1994లో, ఐరోపా పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకు ఒక నమూనా చట్టం తయారుచేసింది. 2002లో అమెరికా ఖండాల దేశాల సంస్థ మరొకటి తెచ్చింది. అన్‌సిట్రాల్ తన వంతుగా 2001లో బాకీల బదిలీపై ఒప్పందాన్ని, 2007లో శాసన మార్గదర్శిని, 2010లో ఆ మార్గదర్శికి మేధాసంపత్తిపై అనుబంధాన్ని, 2013లో రిజిస్ట్రీ నిర్వహణపై మార్గదర్శిని తీసుకువచ్చింది. శాసన మార్గదర్శి పాండిత్యం నిండిన గ్రంథం. కానీ వందల పేజీల చర్చను, సిఫారసులను ముందు పెట్టుకుని చట్టం ముసాయిదా రాయడం న్యాయశాఖలో పనిచేసే ఇద్దరు ముగ్గురు అధికారులకు సాధ్యమయ్యే పని కాదు. నమూనా చట్టం ఆ గ్రంథాన్ని 107 అధికరణాలకు కుదించి, కాస్త సవరణతో చట్టసభ ముందు పెట్టగలిగే రూపంలో అందించింది. ఇది ఒప్పందం కాదు గనుక ఏ దేశమూ సంతకం చేయనక్కరలేదు, నచ్చినంత తీసుకోవచ్చు. దీని బలం, బలహీనత రెండూ ఆ వెసులుబాటులోనే ఉన్నాయి.

మొదట మెచ్చుకోవలసింది, చట్టం లావాదేవీ పేరును కాక దాని పనిని చూడడం. ఒకే యంత్రాన్ని అమ్మకందారు డబ్బు పూర్తిగా ముట్టేదాకా యాజమాన్యం తనదేనన్న షరతుతో అమ్మవచ్చు, ఫైనాన్స్ సంస్థ లీజు పేరుతో ఇవ్వవచ్చు, బ్యాంకు హైపోతికేషన్, అంటే వస్తువును వ్యాపారి చేతిలోనే ఉంచే తాకట్టు, రాయించుకోవచ్చు. చాలా దేశాల పాత చట్టాల్లో వీటిలో ఒక్కోదానికి ఒక్కో రిజిస్టరు, ఒక్కో నియమం ఉండేవి. కొన్నిటికి ఏ రిజిస్టరూ ఉండేది కాదు. అప్పు తీరేవరకు వస్తువుపై హక్కు నిలుపుకోవడమే అసలు ఉద్దేశమైతే, కాగితం మీద ఏ పేరు పెట్టినా అది తాకట్టు హక్కే అవుతుందని, అదే నియమం వర్తిస్తుందని నమూనా చట్టం చెబుతుంది. బాకీలను హామీగా పెట్టడమే కాక వాటిని పూర్తిగా అమ్మివేయడాన్ని కూడా ఈ పరిధిలోకే తెచ్చింది. మూడో వ్యక్తి ఒకే చోట వెతికి విషయం తెలుసుకోగలగడానికి ఇది పునాది.

ఇక రిజిస్ట్రీ. దీని విలువ తెలియాలంటే పాత పద్ధతి గుర్తుండాలి. తాకట్టు ఒప్పందాన్ని పూర్తిగా దాఖలు చేయాలి, గుమస్తా దాన్ని పరిశీలించాలి, గడువు తప్పితే హక్కు పోతుంది. ఇంగ్లండ్‌లో కంపెనీ ఆస్తులపై సృష్టించిన ఛార్జీని, అంటే తాకట్టు భారాన్ని, 21 రోజుల్లోగా నమోదు చేయాలన్న నియమం ఈ కోవలోదే. ఆ 21 రోజుల మధ్యలో రిజిస్టరు వెతికిన మరో రుణదాతకు అది శుభ్రంగా కనిపించే అవకాశం ఉంది. నమూనా చట్టం ఒప్పందాన్ని అడగదు. నోటీసును మాత్రమే అడుగుతుంది. హామీ ఇచ్చినవారి గుర్తింపు, చిరునామా. రుణదాత గుర్తింపు, చిరునామా. హామీ ఆస్తి వర్ణన. ముఖ్యంగా ఇవి చాలు. నోటీసు ఎంతకాలం అమల్లో ఉండాలన్న దానిపై దేశానికి ఎంపిక ఉంది. హామీ గరిష్ఠ మొత్తం నోటీసులో ఉండాలా వద్దా అన్నది కూడా దేశం ఇష్టానికే వదిలారు. రుణ ఒప్పందం జరగకముందే నోటీసు నమోదు చేయవచ్చు, ఒక్క నోటీసుతో తర్వాత కుదిరే అనేక ఒప్పందాలకు రక్షణ పొందవచ్చు. ఈ ముందస్తు నమోదు చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, డబ్బు విడుదల చేసే రోజున ఇతర రుణదాతల కన్నా ముందు వసూలు చేసుకునే నా ప్రాధాన్యం ఖాయమైందా లేదా అన్న ఆందోళనను ఇది పూర్తిగా తొలగిస్తుంది. మొదట నమోదు చేసి, వెతికి, ముందున్న నోటీసు ఏదీ లేదని తేలాక డబ్బు ఇస్తే సరిపోతుంది.

అయితే ఈ సరళతకు ఒక మూల్యం ఉంది. రిజిస్ట్రీ సూచిక అంతా హామీ ఇచ్చినవారి పేరు లేదా గుర్తింపు సంఖ్య మీద నడుస్తుంది. వ్యక్తి అయితే అధికారిక గుర్తింపు పత్రంలో ఉన్న పేరు, కంపెనీ అయితే దాని స్థాపన పత్రంలో ఉన్న పేరు రాయాలి. సరైన పేరుతో వెతికినప్పుడు బయటపడని నోటీసు చెల్లదు. ఈ నియమం ఎంత పదునైనదో నేను దగ్గర నుంచి చూశాను. ఒక దేశంలోని రిజిస్ట్రీలో ఒక రుణదాత కంపెనీ పేరు చివర ఉండే 'లిమిటెడ్' వంటి చట్టపరమైన మాటను కుదించి రాసి నోటీసు ఎక్కించారు. పేరు అక్షరం అక్షరం కలిస్తేనే చూపించే ఆ రిజిస్ట్రీలో, పూర్తి పేరుతో వెతికిన రెండో రుణదాతకు ఏమీ కనిపించలేదు. ఆయన నిజాయితీగా వెతికాడు, నిజాయితీగా అప్పు ఇచ్చాడు. మొదటి రుణదాత తరఫున ఆ పత్రాలను ఆలస్యంగా తిరగేసిన నాకు అర్థమైంది ఒక్కటే: ఒప్పందం దోషరహితంగా ఉంది, సంతకాలు సరిగా ఉన్నాయి, ఆస్తి వర్ణన చక్కగా ఉంది, పోయిందల్లా ఆ కుదించిన మాట దగ్గరే. చట్టాన్ని తప్పుపట్టలేను, వెతికినవారు నమ్మలేని రిజిస్ట్రీ ఎవరికీ పనికిరాదు. కానీ ఇలాంటి వ్యవస్థను ఏర్పాటు చేసే ప్రతి దేశం వెతుకులాట నియమాలను చట్టసభలో ఎంత జాగ్రత్తగా చర్చిస్తుందో, సాఫ్ట్‌వేర్ రాసేవారి బల్ల దగ్గర కూడా అంత జాగ్రత్తగా చర్చించాలి. పేరుకు బదులు ప్రతి కంపెనీకి, పౌరుడికి ఉన్న ఏకైక సంఖ్యను సూచికగా వాడగలిగిన దేశాలు ఈ ప్రమాదాన్ని చాలావరకు తప్పించుకున్నాయి.

ప్రాధాన్య నియమాలు ఊహించినట్టే ఉన్నాయి. ముందు నమోదు చేసినవారికి ముందు హక్కు. మరొకరి తాకట్టు ఉన్నట్టు నోటిమాటగా తెలుసా లేదా అన్న ప్రశ్నకు తావు లేదు. కొత్త యంత్రం కొనడానికే అప్పు ఇచ్చినవారికి, నిర్ణీత షరతులు పాటిస్తే, పాత రుణదాత కన్నా ముందు స్థానం దక్కుతుంది. లేకపోతే మొదటి రుణదాత దగ్గర బందీ అయిపోయిన వ్యాపారి కొత్త యంత్రం కొనడానికి మరో గుమ్మం ఎక్కలేడు. వ్యాపారి మామూలుగా అమ్మే సరుకును కొనుక్కున్నవారు తాకట్టు భారం లేకుండానే తీసుకువెళతారు. అప్పుడు రుణదాత హక్కు ఆ అమ్మకంతో వచ్చిన డబ్బు మీదికి మారుతుంది.

బాకీల విషయంలో చట్టం చూపిన ధైర్యాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. పెద్ద కొనుగోలుదారులు తమ ఒప్పందాల్లో 'మా నుంచి రావలసిన సొమ్మును మరొకరికి బదిలీ చేయరాదు' అన్న షరతు పెట్టడం సాధారణం. ఆ ఒక్క వాక్యం చిన్న సరఫరాదారు చేతిలోని అతి విలువైన ఆస్తిని చచ్చుబడేస్తుంది. నమూనా చట్టం 13వ అధికరణం ప్రకారం, అటువంటి షరతు ఉన్నా వాణిజ్య బాకీలపై తాకట్టు చెల్లుతుంది. షరతును ఉల్లంఘించినందుకు సరఫరాదారు బాధ్యత ఏమైనా ఉంటే అది ఆ ఇద్దరి మధ్య విషయంగానే ఉంటుంది, రుణదాత హక్కు పోదు. బాకీదారుకు అన్యాయం జరగకుండా, తనకు నోటీసు అందేవరకు పాతవారికే చెల్లించి విముక్తి పొందవచ్చన్న రక్షణ కూడా ఉంది. మన ప్రింటింగ్ ప్రెస్ వ్యాపారికి నేను ఒక్క నియమం మాత్రమే ఇప్పించగలిగితే, దీన్నే ఇప్పిస్తాను.

వసూలు దగ్గరికి వచ్చేసరికి నా ఉత్సాహం కొంత తగ్గుతుంది. పాఠం న్యాయంగానే ఉంది. రుణదాత కోర్టుకు వెళ్లవచ్చు, వెళ్లకుండా కూడా హక్కు వినియోగించుకోవచ్చు. అమ్మకానికి ముందు నోటీసు ఇవ్వాలి, వ్యాపార మర్యాదకు తగినట్టు నడుచుకోవాలి, అప్పు తీర్చి ఆస్తిని విడిపించుకునే అవకాశం చివరివరకు ఉంచాలి. కోర్టుతో పనిలేకుండా వస్తువును స్వాధీనం చేసుకోవాలంటే మూడు షరతులు కలవాలి: హామీ ఇచ్చినవారు ముందే రాతపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి, ఎగవేత గురించీ స్వాధీనం గురించీ నోటీసు అంది ఉండాలి, ఆ సమయంలో వస్తువు ఎవరి దగ్గర ఉందో వారు అభ్యంతరం చెప్పకూడదు. మూడోది న్యాయమైన షరతు; ఎవరి గడపలోకీ బలవంతంగా చొరబడే హక్కు ఏ రుణదాతకూ ఉండకూడదు. అయితే ఎగవేసినవారిలో చాలామంది అభ్యంతరం చెబుతారు. ఆ క్షణంలో దారి మళ్లీ కోర్టుకే వెళుతుంది. త్వరిత ఉపశమనం కల్పించాలని నమూనా చట్టం కోరుతుంది గానీ, ఎంత త్వరగా అన్నది దేశానికి వదిలేసింది. యంత్రం విలువ నెలనెలా తరిగిపోతుంది, కాగితం చెదలు పడుతుంది. మూడేళ్ల తర్వాత వచ్చిన తీర్పుతో ఎవరికీ ఒరిగేది ఉండదు. రిజిస్ట్రీని ఏడాదిలో కట్టవచ్చు. కోర్టు అలవాట్లు మార్చడానికి ఒక తరం పడుతుంది. అంతర్జాతీయ సహకారం ఈ రెండో పనిలో ఇంకా తొలి మెట్ల మీదే ఉంది.

ఇదే కుటుంబానికి చెందిన మరో సేవతో పోల్చి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. దేశాల ప్రైవేటు చట్టాలను దగ్గర చేసేందుకు పనిచేసే రోమ్‌లోని యూనిడ్రాయిట్ సంస్థ, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కలిసి 2001 నవంబరు 16న కేప్‌టౌన్‌లో కుదిర్చిన ఒప్పందం, విమానాల కోసం దానికి జోడించిన ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం) కింద విమానాలకు ఒకే ఒక్క అంతర్జాతీయ రిజిస్ట్రీ 2006 నుంచి నడుస్తోంది. దాని నిర్వహణ ఐర్లండ్‌లోని డబ్లిన్ నుంచి ఏవియారెటో అనే సంస్థ చూస్తుంది. అక్కడ సూచిక పేరు మీద కాక వస్తువు మీద ఉంటుంది: తయారీదారు, మోడల్, సీరియల్ నంబరు. రాత్రి పగలు అన్న తేడా లేకుండా ఎక్కడి నుంచైనా వెతకవచ్చు. ఇంజను సీరియల్ నంబరు టైపు చేసి, శోధన ధ్రువపత్రం తీసుకుని, అందులో వరుసగా కనిపించే హక్కుల తేదీలనూ సమయాలనూ చూసినప్పుడు కలిగే నిశ్చింత మరే రిజిస్ట్రీలోనూ నాకు కలగలేదు. పైగా ఇది ఒప్పందం కాబట్టి వసూలు విషయంలో కూడా కాలపరిమితులు పెట్టగలిగింది. ప్రోటోకాల్‌లోని మొదటి ప్రత్యామ్నాయాన్ని ఎంచుకున్న దేశం, విమానయాన సంస్థ దివాలా తీస్తే, తాను ప్రకటించిన నిరీక్షణ గడువు ముగిసేలోగా బాకీలు సరిదిద్దాలని లేదా విమానాన్ని రుణదాతకు అప్పగించాలని మాట ఇచ్చినట్టే. తగిన ప్రకటనలు చేసిన దేశాల సంస్థలకు ఎగుమతి రుణాల ప్రీమియంలో 10 శాతం వరకు తగ్గింపు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. సహకారానికి ఇలా వెంటనే ప్రతిఫలం కనిపిస్తే దేశాలు ఎంత త్వరగా కదులుతాయో దీన్ని చూసి తెలుసుకోవచ్చు. రైలు పెట్టెలు, ఇంజన్ల కోసం 2007లో లక్సెంబర్గ్‌లో కుదిరిన ప్రోటోకాల్ మాత్రం 2024 మార్చి 8న గానీ అమల్లోకి రాలేదు. అయితే ఈ పద్ధతి కొన్ని వస్తువులకే సరిపోతుంది. కాగితం రీముకు సీరియల్ నంబరు ఉండదు. మన ప్రెస్ వ్యాపారికి అక్కరకు వచ్చేది పేరు మీద నడిచే సాధారణ రిజిస్ట్రీయే.

ఇన్ని సంస్థలు ఇన్ని పాఠాలు రాస్తే అవి ఒకదానితో ఒకటి ఢీకొనవా అన్న సందేహం సహజం. ఈ విషయంలో ఆ సంస్థలు చూపిన క్రమశిక్షణను నేను గౌరవిస్తాను. అన్‌సిట్రాల్, యూనిడ్రాయిట్, హేగ్ ప్రైవేటు అంతర్జాతీయ చట్ట సమావేశం మూడూ కలిసి, తాకట్టు హక్కులపై తమ పాఠాల్లో ఏది ఎక్కడ వర్తిస్తుందో వివరించే ఉమ్మడి పుస్తకాన్ని 2012లో ప్రచురించాయి. మధ్యవర్తుల ఖాతాల్లో ఉండే షేర్లు, బాండ్లను నమూనా చట్టం తన పరిధి నుంచి తప్పించింది. వాటికి వేరే ఒప్పందాలు ఉన్నాయి. గోదాము రసీదులపై అన్‌సిట్రాల్, యూనిడ్రాయిట్ కలిసి తయారుచేసిన నమూనా చట్టం 2024లో వచ్చింది. ధాన్యం, లోహం, కాగితం వంటి నిల్వలపై అప్పు తీసుకునేవారికి ఈ పాఠం, తాకట్టు పాఠం జంటగా పనిచేస్తాయి.

సహకారంలో నాకు నచ్చని పాయ కూడా ఒకటి ఉంది. ప్రపంచ బ్యాంకు 'డూయింగ్ బిజినెస్' నివేదికలో రుణగ్రహణానికి సంబంధించిన చట్టాల బలాన్ని అంకెల్లో కొలిచేవారు. గణాంకాల్లో అవకతవకలు బయటపడి 2021లో ఆ నివేదికను నిలిపివేశారు. అది ఉన్నన్నాళ్లూ సంస్కరణకు ఊపు ఇచ్చిందనడంలో సందేహం లేదు. కానీ ఆ నివేదిక ప్రశ్నపత్రంలో మార్కు తెచ్చుకోవడానికి సరిపడా చట్టం చేసి, రిజిస్ట్రీని వాడవలసిన బ్యాంకు సిబ్బందికి శిక్షణ ఇవ్వకుండా వదిలేయడానికి కూడా అదే ప్రేరణ అయ్యిందని నా అభిప్రాయం. నమూనా చట్టాన్ని సగం తీసుకున్న దేశంలో పని చేయడం అసలు తీసుకోని దేశంలో పనిచేయడం కన్నా కష్టం. పాత రిజిస్టర్లు మూయకుండా కొత్తది తెరిస్తే వెతకవలసిన చోట్లు తగ్గవు, మరొకటి పెరుగుతుంది.

ఇంకో అడ్డంకిని గుర్తించినందుకు అన్‌సిట్రాల్‌ను అభినందించాలి. చట్టం ఎంత బాగున్నా, చరాస్తి హామీని బ్యాంకు మూలధన లెక్కల్లో పరిగణించడానికి పర్యవేక్షక సంస్థ ఒప్పుకోకపోతే, బ్యాంకు దృష్టిలో అది హామీ లేని అప్పుతో సమానమే. 2019లో ఆమోదించిన ఆచరణ మార్గదర్శి ఈ సంగతిని నేరుగా చర్చించి, చట్టం రాసేవారినీ బ్యాంకుల నియంత్రకులనూ ఒకే బల్ల దగ్గరికి పిలిచింది. నా లెక్కలో ఈ మొత్తం వరుసలో సామాన్య పాఠకుడికి కూడా అర్థమయ్యే పుస్తకం ఇదే. నమూనా పత్రాలు, ఉదాహరణలు ఉన్నాయి.

లోపాలు రెండు చెప్పాలి. 2016 నాటి పాఠం కావడం వల్ల డిజిటల్ ఆస్తులకు ప్రత్యేక నియమాలు లేవు. యూనిడ్రాయిట్ 2023లో విడుదల చేసిన సూత్రాలను పక్కన పెట్టుకుని చదువుకోవలసి వస్తోంది. రెండోది నన్ను ఎక్కువగా బాధపెట్టేది: దేశాల రిజిస్ట్రీల మధ్య ఏ వంతెనా లేదు. వస్తువుల విషయంలో అవి ఉన్న చోటి చట్టం, బాకీల విషయంలో హామీ ఇచ్చినవారు ఉన్న చోటి చట్టం వర్తిస్తుందని నమూనా చట్టం స్పష్టంగానే చెప్పింది. కానీ మూడు దేశాల్లో గోదాములున్న కంపెనీకి అప్పు ఇచ్చేవారు మూడు రిజిస్ట్రీల్లో, మూడు పద్ధతుల్లో నమోదు చేయాలి, వెతకాలి. ఆఫ్రికాలో 17 దేశాలు వ్యాపార చట్టాలను ఏకం చేసే ఓహాడా అనే కూటమి కింద ఒకే ఉమ్మడి హామీ చట్టాన్ని పాటిస్తున్నప్పుడు, నియమాలు ఇప్పటికే దగ్గరపడిన ఇతర దేశాలు కనీసం ఉమ్మడి శోధనకైనా సిద్ధపడడం అసాధ్యమని నేను అనుకోను.

ఈ పాఠాలు చదవదలచినవారికి ఒక సలహా. అన్నీ అన్‌సిట్రాల్ వెబ్‌సైట్‌లో ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో ఉచితంగా దొరుకుతాయి. అప్పు ఇచ్చేవారు, తీసుకునేవారు ఆచరణ మార్గదర్శితో మొదలుపెట్టాలి. చట్టం ముసాయిదా రాసేవారు నమూనా చట్టాన్ని, 2017 నాటి ఆమోద మార్గదర్శిని పక్కపక్కన తెరిచి అధికరణం వెంట అధికరణం చదవాలి. రిజిస్ట్రీ కట్టేవారు నమూనా చట్టంలోని రిజిస్ట్రీ నిబంధనలను సాఫ్ట్‌వేర్ బృందం చేతికి మొదటి రోజే ఇవ్వాలి. ముఖ్యంగా పేరు తప్పుగా పడితే ఏమవుతుందో చెప్పే నిబంధనను, అప్పు తీరాక నోటీసును తొలగించవలసిన బాధ్యత ఎవరిదో చెప్పే నిబంధనను.